తిప్పి వేసిన టైలు

టైలు వెనక ఒక బాణం గుర్తు ఉంటుంది. ఇంటివాళ్ళు జన్మలో చూడని గుర్తు అది. బాణాలన్నీ ఒకే వైపు చూసేలా పరుచుకుంటూ పోతే, పైన చారలు ఒకదానితో ఒకటి కలిసిపోయి నేలంతా ఒకే రాయిలా కనిపిస్తుంది. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసిన నాకు లెక్కల పుస్తకంలో బాణాలు ఎటు పోతాయో ఎప్పుడూ అర్థం కాలేదు. ఈ బాణం మాత్రం ఒక్క పూటలో అర్థమైంది. సింగపూరులో ఇన్నేళ్ళుగా నేను తింటున్న అన్నం అది పెట్టిందే.

నాకు పని నేర్పింది మా మేస్త్రి. శ్రీకాకుళం వైపు మనిషి, మాకు పక్క మండలం. చుట్టరికం ఏమీ లేదు. మొదటి రోజే నేను ‘బావా’ అన్నాను, ఆయన కాదనలేదు, చుట్టరికం అయిపోయింది. ఆయన నవ్వడు, నేను నోరు మూయను. ఇద్దరం కలిస్తే ఒక మామూలు మనిషి అవుతాం అని డార్మిటరీలో అనేవారు.

మేస్త్రికి ఒక పట్టింపు ఉండేది. ఏ ఇంట్లో పని చేసినా చివర్న ఒక్క టైలుని కావాలని తిప్పి వేసేవాడు, బాణం మిగతా అన్నిటికీ ఎదురుగా ఉండేలా. తలుపు వెనకో, వాషింగ్ మిషను పెట్టే మూలనో వేసేవాడు. వెతికి చూస్తే తప్ప కనపడదు. చూశాక మాత్రం కన్ను దాని మీంచి లేవదు. అందరూ అటు తిరిగి పడుకున్న గదిలో ఒక్కడు మనకేసి తిరిగి కళ్ళు తెరుచుకుని ఉన్నట్టుంటుంది. మా వైపు పాత తాపీవాళ్ళ ఆనవాయితీ అది. లోపం లేని పనికి దిష్టి తగులుతుంది, ఆ దిష్టి ఇంటికి కాదు, పని చేసిన చేతికి పోతుంది అని వాళ్ళ నమ్మకం. ఇంటికి గుమ్మడికాయ కట్టడానికి యజమాని ఉంటాడు. చేతికి ఎవరు కడతారు?

“ఏటి బావా, ఇంత బాగా పరిచి సివర్న పాడుసేసేస్తావ్?” అన్నాను ఒకసారి.

“పాడు కాదురా. కన్ను ఆగడానికి సోటు.”

“ఎవులి కన్ను?”

“ఎవులిదైనా” అని, బకెట్ కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

మాకు ఒప్పందం అయిపోతే ఇంటికి పోయేవాళ్ళం, లేదా వేరే కంపెనీ చూసుకునేవాళ్ళం. మేస్త్రిని మాత్రం బాసు కదలనివ్వలేదు. ఆయన పాస్‌పోర్టు బాసు డ్రాయర్లో ఉండేది. అలా ఉండకూడదని మాకూ తెలుసు, బాసుకీ తెలుసు, డ్రాయరుకి మాత్రం తెలీదు. “నువ్వు నా కుడిచెయ్యివి, చెయ్యిని ఎవరైనా వదులుకుంటారా?” అని బాసు ఆయన భుజం తట్టేవాడు. ఈ ప్రాజెక్టు అయ్యాక పంపిస్తాను అనేవాడు. అది అయ్యేలోపు ఇంకోటి మొదలయ్యేది. ఒకసారి మేస్త్రి గట్టిగా అడిగితే బాసు నవ్వుతూనే, గేటు దాటి చూడు, కటింగ్ మిషను ఎత్తుకుపోయావని పోలీసులకి చెప్తాను అన్నాడు. ఫిర్యాదు చేసే ఆఫీసులు ఉన్నాయని, వెళ్తే వింటారని నేను చెప్పాను. దొంగ అన్న మాట ముందే అక్కడికి చేరిపోతే తన మాట ఎవరు వింటారని ఆయన భయం.

వేరే కాంట్రాక్టర్లు బాసుకి ఫోన్ చేసి “మీ మిషను రేపు ఖాళీయా?” అని అడుగుతుంటారు. అదే గొంతుతో “మీ మేస్త్రి రేపు ఖాళీయా?” అని కూడా అడిగేవారు. పొద్దున్నే లారీ వెనక మిషనూ, మేస్త్రీ పక్కపక్కనే కూర్చుని వెళ్ళేవారు. సాయంత్రం ఇద్దరినీ దింపేవారు. మిషనుకి గుడ్డ కప్పేవారు.

“నువ్వు మనిసివి కావు బావా, బాసుకి సెయ్యివి” అన్నాను ఆ రోజుల్లో, నవ్వుతాడేమోనని. ఆయన తన కుడి అరచెయ్యి తిప్పి చాలాసేపు చూసుకున్నాడు. అది ఎవరిదో గుర్తుపట్టడానికి చూస్తున్నట్టు చూశాడు.

తర్వాత కొద్దిరోజులకే పోయాడు. మధ్యాహ్నం అన్నాలయ్యాక, ఒక కొత్త కాండో భవనంలో, తాపీ కడుక్కుని వస్తానని వెళ్ళి మళ్ళీ రాలేదు. నేను వెతుక్కుంటూ పోతే పైపు దగ్గర ఆయన బూట్లు ఉన్నాయి. ఊరికే వదిలేసినట్టు లేవు. రెండూ జతగా, గోడకి ముక్కులు ఆనించి, పక్కపక్కనే పెట్టి ఉన్నాయి. వాటిల్లో ఉన్నవాడు గోడలోకి నడిచి వెళ్ళిపోయాడా అనిపించింది. పైపులోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. నేను కట్టేశాను. ఎందుకో ఆ బూట్లు మాత్రం ముట్టుకోలేదు.

ఆయన దొరికితే ఏమవుతుందో మాకు బాగా తెలుసు. అంతకుముందు ఒక ప్లంబరు అలాగే పారిపోయి దొరికాడు. డార్మిటరీకి తీసుకొచ్చి మంచం మీద కూర్చోబెట్టారు. ఆ మనిషి తల మీద తువ్వాలు కప్పుకుని కూర్చున్నాడు. పేరు పెట్టి పిలిస్తే తల తిప్పాడు గానీ, ఆ మొహంలో పలికేవాడు లేడు. మర్నాటికి పరుపు చుట్టి ఉంది. విమానం ఎక్కించారని ఒకరన్నారు, వేరే సైటుకి తోలారని ఇంకొకరన్నారు. అతని మాట తిరిగి ఎప్పుడూ వినలేదు. ఆ మంచం ఫ్యాను కిందే ఉన్నా దాన్ని ఎవరూ అడగలేదు.

మేస్త్రిని వెతకడానికి బాసు ఒక మనిషిని పెట్టాడు. ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగాయన, తాతల కాలం నాటి కుటుంబం. మాటల్లో సగం అరవం, పావు మలయ్. యాభై దాటి ఉంటాయి. సిమెంటు దుమ్ములో తిరిగినా ఆయన బూట్లు తెల్లగానే ఉండేవి. అందుకే ఆయనకి తెల్లబూట్లాయన అని పేరు పెట్టాను. అరవడు, బెదిరించడు. వచ్చినప్పుడల్లా అందరికీ ప్లాస్టిక్ సంచుల్లో కోపి, అంటే ఇక్కడి కాఫీ, తెచ్చేవాడు.

“మకాన్ అయిందా తంబీ?”

“తిన్నాను అంకుల్.”

“నీ గురువు ఎక్కడున్నాడో నేను అడగను. నువ్వు చెప్పవు, నాకు తెలుసు. చెప్పమంటే పాపం నీకూ కష్టం. అవునా లేదా?”

అలా అన్నాక నిజంగానే అడగడు. మేము వేసిన నేల కేసి చూస్తూ నిలబడతాడు. వంగి, వేలితో టైళ్ళ మధ్య సందుని రాసి చూసి, ఆ వేలు వాసన చూస్తాడు. ఆ పని చూస్తే నాకు కోపి దిగేది కాదు.

కొన్నాళ్ళకి బాసు నన్ను బెడోక్‌లో ఒక ఫ్లాటుకి పంపాడు. స్నానాలగది నేల తవ్వి మళ్ళీ వెయ్యాలి. ఇంటావిడ చైనీసు ఆంటీ, ఒంటరిగా ఉంటుంది. సామాను మోసుకుంటూ వంటగదిలోంచి వెళ్తుంటే నా కాలు తనంతట తనే ఆగింది. ఫ్రిజ్ పక్కన, గోడ వారన, ఒక టైలు ఎదురు తిరిగి ఉంది.

“ఆంటీ, ఈ వంటగది ఎవరు వేశారు?”

“ఎవరో కాంట్రాక్టర్ మనిషి, లా. వెరీ క్వైట్ వన్. నేను మార్కెట్‌కి పోయి వస్తాను, పని అయిపోయి ఉంటుంది. మొహం చూడనే లేదు.”

“అసలు చూడలేదా?”

“కాళ్ళు చూశాను” అందావిడ. తడి పాదాల గుర్తులు, చెప్పులు లేనివి, వంటగదిలోంచి గుమ్మం దాకా ఉండేవట. ఆవిడ సంచీ కింద పెట్టేలోపు ఒక్కొక్కటే ఆరిపోయేవట. చివరి రోజు మాత్రం గుర్తులు గుమ్మం దాకా రాకుండా ఫ్రిజ్ దగ్గరే ఆగిపోయాయి అని చెప్పి, నా ముఖం చూసి పకపకా నవ్వింది. “జోక్, జోక్! ఎందుకలా తెల్లబోయావ్?”

జోకులేసేవాడి మీద జోకు వేస్తే ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది.

ఆ తర్వాత వరసగా కనిపించాయి. ఒక క్లినిక్‌లో, ఒక ట్యూషన్ సెంటర్లో, ఇంకో ఇంటి బాల్కనీలో. ఎక్కడ అడిగినా అదే మాట. మనిషిని చూడలేదు, మేము వచ్చేసరికి అయిపోయింది. ఇదంతా డార్మిటరీలో చెప్తే, మేము కోనసీమోడు అని పిలిచే మా పక్క మంచం కుర్రాడు వేళ్ళు విరుచుకుంటూ అన్నాడు.

“మనిషి ఉన్నాడంటావా అన్నయ్యా? పనైతే ఉంది, కాదనను. మనిషి మాత్రం ఎవరికీ కనపడ్డంలేదు కదా.”

“నోర్ముయ్యి.”

“నేనేం అన్నానండీ ఇప్పుడు? పోయినవాళ్ళకి కూడా పని అలవాటు పోదేమో అన్నాను.”

ఆ మాట నాకు తడి సిమెంటులా అతుక్కుంది.

అప్పుడే ఇంకోటి జరిగింది. కొత్తగా కట్టిన బ్లాకులో తాళాలు ఇచ్చేముందు టైళ్ళు కొట్టి చూడటానికి నన్ను పంపారు. సన్నటి ఇనప కర్రతో ప్రతి టైలుమీదా కొడితే, కింద సిమెంటు సరిగ్గా పట్టని చోట డొల్ల చప్పుడు వస్తుంది. ఆ టైలు తీసి మళ్ళీ వెయ్యాలి. మంచి ఎండ. ఫ్లోరు మొత్తం ఖాళీ. తలుపులకి చుట్టిన ప్లాస్టిక్ కాగితం గాలికి ఊపిరి తీసుకుంటున్నట్టు ఉబ్బి, తగ్గి, మళ్ళీ ఉబ్బుతోంది. నేను గోడ టైళ్ళు కొడుతూ పోతున్నాను. మేస్త్రి నేర్పిన పద్ధతి, రెండు నెమ్మదిగా, ఒకటి గట్టిగా. ఒక చోట ఆగి చెమట తుడుచుకున్నాను.

గోడ అవతలనుంచి రెండు నెమ్మదిగా, ఒకటి గట్టిగా వినిపించాయి.

నా చప్పుడే తిరిగి వచ్చిందనుకున్నాను. మళ్ళీ కొట్టాను, ఈసారి కావాలని రెండే కొట్టి ఆపేశాను. అవతలనుంచి మూడోది వచ్చింది.

పరుగెత్తి పక్క ఫ్లాటు దగ్గరికి వెళ్ళాను. ఇనప గేటుకి తాళం. తాళం మీద దుమ్ము. “బావా!” అని పిలిచాను. వరండా పొడుగునా నా గొంతు పోయి, చివర్న మలుపు తిరిగి, ఎవరో తీసుకున్నట్టు ఆగిపోయింది. కిటికీ సందులోంచి చూస్తే లోపల నేల పూర్తిగా పరిచి ఉంది. మనిషి లేడు, బకెట్ లేదు, సిమెంటు సంచీ లేదు. కిటికీ కిందే ఒకటి ఎదురు తిరిగి ఉంది. సందుల్లో సిమెంటు ఇంకా తడిగా, నల్లగా ఉంది.

కింద కాపలా అంకుల్‌ని అడిగితే, ఆ ఫ్లాటులో పని ఇంకా మొదలే కాలేదు అన్నాడు. చిన్న కాంట్రాక్టర్లు దొంగచాటుగా మనుషుల్ని పెట్టి చేయిస్తారని నాకు తెలుసు. వెనక మెట్లున్నాయని కూడా తెలుసు. ఇవన్నీ నాకు నేనే చెప్పుకుంటూ లిఫ్టు దిగాను.

ఆ మరుసటి వారమే తెల్లబూట్లాయన కోపి సంచీ నా చేతికిచ్చి, తన ఫోను తీసి చూపించాడు. అందులో ఒక్క మనిషి ఫోటో లేదు. అన్నీ నేలలే. బెడోక్ వంటగది, క్లినిక్, బాల్కనీ. ప్రతి దాంట్లోనూ ఒక టైలు ఎదురు తిరిగి ఉంది.

“మనిషి పేరు మార్చుకుంటాడు తంబీ. గెడ్డం పెంచుతాడు. చెయ్యి ఏం చేస్తుంది పాపం? దానికి వచ్చిందే చేస్తుంది” అన్నాడు. తర్వాత వేలితో గాలిలో పెద్ద గుండ్రం గీశాడు. “వెతకాల్సిన చోటు మొదట్లో ఇంత ఉండేది. ఇప్పుడు చూడు, ఇంతే. నువ్వు తాగు, చల్లారిపోతుంది.”

గుండ్రం రెండోసారి గీసినప్పుడు అరచేతిలో పట్టేంత ఉంది. ఇంకొక్క ఇల్లు దొరికితే మేస్త్రి ఏ కాంట్రాక్టర్ దగ్గర ఉన్నాడో తేలిపోతుంది. నాకు ఆయన్ని హెచ్చరించాలని ఉంది. ఎక్కడని హెచ్చరించను? నేలకి చెప్పాలా?

ఆ రోజుల్లోనే బిషాన్‌లో ఒక తెలుగువాళ్ళ ఇంట్లో పని పడింది. గుంటూరు వాళ్ళు, మొగుడూ పెళ్ళాం ఇద్దరూ కంప్యూటర్ ఉద్యోగాలు. ఆవిడ పని చెప్పే పద్ధతి బాగుండేది. “బాబూ, టీ పెడతాను, ఆ సింక్ దగ్గర లీకేజ్ కూడా కాస్త చూడవా ప్లీజ్” అనేది. కూతురు పద్నాలుగేళ్ళది, స్కూల్లో మర్నాడు చదవాల్సిన ప్రాజెక్టు ఒకటి పట్టుకుని, వినేవాడు దొరక్క నా మీద పడింది. నేను స్నానాలగదిలో మోకాళ్ళ మీద ఉన్నాను, పారిపోయే వీలు లేదు.

“అంకుల్, మీరు ఆడియెన్స్, ఓకే? నిద్రపోవద్దు లా.”

“నిద్రొచ్చే గదా బడి మానేశాను. సెప్పమ్మా.”

పూర్వం అమెరికాలో బానిసలుండేవారని మొదలుపెట్టింది. బానిసలంటే పత్తి ఏరేవాళ్ళే అని నేను అనుకునేవాడిని. కాదట. కమ్మరులు, వడ్రంగులు, ఇటుకపని వాళ్ళు, పడవలు కట్టేవాళ్ళు ఉండేవారట. చేతిలో పని ఉన్నవాడు మరీ విలువైన సొత్తట.

“ఓనర్ వాళ్ళని రెంట్‌కి ఇస్తాడు అంకుల్. వేరే వాళ్ళకి. లైక్, ఒక టూల్ లాగా.”

నా తాపీ ఆగింది.

“వాళ్ళు పారిపోతే?”

“న్యూస్‌పేపర్‌లో వేయిస్తాడు. హైట్ ఎంత, మచ్చ ఎక్కడ, ఎలా మాట్లాడతాడు. ఇంకా, ఏ పని వచ్చు. దట్ వన్ మస్ట్ పుట్.”

“పనెందుకు రాయడం?”

“ఎందుకంటే, ఎక్కడికి పారిపోయినా తినాలి కదా? తినాలంటే ఆ పనే చెయ్యాలి. సో, పని కోసం చూస్తే మనిషి దొరుకుతాడు.” కాగితం దించి నాకేసి చూసింది. “క్రీపీ, రైట్?”

“మరి ఎవులూ తప్పించుకోలేదేటి?” నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

“చాలామంది అంకుల్! పెద్ద టౌన్‌కి వెళ్ళిపోయేవాళ్ళు. అక్కడ వాళ్ళలాంటి వాళ్ళే, సేమ్ పని చేసేవాళ్ళు, బోలెడు మంది ఉంటారు కదా. అందరిలో కలిసిపోతే ఎవడు ఎవడో ఎలా తెలుస్తుంది?”

వంటింట్లోంచి వాళ్ళమ్మ అరిచింది. “ఏయ్, పని చేసుకోనివ్వవే అంకుల్‌ని!”

“ఐ యామ్ ఎడ్యుకేటింగ్ హిమ్, మా!”

అవును తల్లీ, ఆ పూట చేసింది అదే. ఎప్పుడో సముద్రాలవతల చచ్చిపోయిన కమ్మరీ, వడ్రంగీ ఆ స్నానాలగదిలో నా వెనక నిలబడి, భుజం మీంచి నా చేతులకేసి చూస్తున్నట్టు అనిపించింది. పని పూర్తయ్యే ముందు, తలుపు వెనక, బాణం ఎదురుగా పెట్టి ఒక టైలు వేశాను. నా జీవితంలో నేను తిప్పి వేసిన మొదటి టైలు అది. అరచేత్తో ఒత్తినప్పుడు, కిందనుంచి ఎవరో అరచెయ్యి ఆనించినట్టు గట్టిగా పట్టుకుంది.

ఆదివారం మేమందరం కలిసే మైదానంలో, బిర్యానీ పొట్లాలు విప్పుకుని కూర్చున్నప్పుడు మనవాళ్ళకి చెప్పాను. శ్రీకాకుళం, విజయనగరం, కోనసీమ, కరీంనగర్, ఎక్కడెక్కడి టైళ్ళవాళ్ళూ ఉన్నారు.

“ఇకనుంచి మనం ఏసిన పెతి ఇంట్లోనూ ఒకటి తిప్పాల.”

“ఎందుకన్నా? సూపర్‌వైజర్ చూస్తే తంతడు” అన్నాడు కరీంనగర్ తమ్ముడు.

“మన సేతికి దిస్టి తగలకుండా.”

వాళ్ళకి మేస్త్రి తెలుసు. తెల్లబూట్లాయన కోపి అందరూ తాగినవాళ్ళే. అన్ని నేలలూ అలాగే ఉంటే ఏది ఆయనదో ఎవరికీ తెలీదని వాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. కోనసీమోడు మాత్రం ఎముక చీకుతూ, “కనపడే చోట వెయ్యాలాండీ, కనపడని చోట వెయ్యాలా?” అన్నాడు.

“కనపడీ కనపడనట్టు.”

“అంటే మీ జోకుల్లాగన్నమాట.”

మొదట్లో చాలా రసాభాస అయింది. ఒకడు హాలు నడిబొడ్డున తిప్పేసి, యజమానితో తిట్లు తిని, పీకి మళ్ళీ వేశాడు. కరీంనగర్ తమ్ముడు వన్-నార్త్‌లో ఒక ఆఫీసు నేలకి తెల్ల టైళ్ళు వేస్తూ, అందులో ఒకటి తిప్పానని గొప్పగా చెప్పాడు. వాటి మీద చారలు లేవు, చుక్కలు లేవు, ఏమీ లేదు.

“డిజైనే లేని టైలుని తిప్పితే ఎవులికి తెలుస్తాదిరా?”

“దిష్టికి తెలుస్తది గదన్నా.”

నవ్వీ నవ్వీ పొలమారింది. కానీ ఆ రాత్రి తలుచుకుంటే నవ్వు రాలేదు. ఎవరికీ కనపడకుండా, అన్నిటిలాగే ఉంటూ, కిందమాత్రం ఎదురు తిరిగి ఉన్నదాని గురించి ఆలోచిస్తూ పడుకున్నాను.

అది వ్యాపించింది. మావాళ్ళనుంచి అరవవాళ్ళకి, వాళ్ళనుంచి బంగ్లాదేశ్ వాళ్ళకి. వాళ్ళకి మేము అసలు సంగతి చెప్పలేదు. అదృష్టం కోసం అని చెప్పాం, చాలింది. కొన్ని నెలలకి నేను ఏ ఇంట్లో అడుగు పెట్టినా, ముందు మూలలకేసి చూసేవాణ్ణి. ఉండేది. ఒకసారి ఒక లిఫ్టు ముందర, ఒకసారి హాకర్ సెంటర్ తిండి దుకాణాల్లో చేతులు కడుక్కునే చోట. “ఇది ఎవులేసేరు?” అని ఆదివారం అడిగితే, నేను కాదంటే నేను కాదనేవారు. పాత టైళ్ళు, మేమెవరమూ ఈ దేశానికి రాకముందు వేసినవి, వాటిల్లో కూడా ఒకటి దొరికింది. బకెట్ దించి దాని పక్కనే కూర్చున్నాను. అంతకుముందు ఎవరున్నారు ఇక్కడ? ఎవరి చెయ్యి ఎవరి దిష్టికి భయపడింది?

తెల్లబూట్లాయన కోపి తేవడం మానేశాడు. మనిషి చిక్కిపోయాడు. ఒక మధ్యాహ్నం సైటుకి వచ్చి, బాసుతో చెప్పానని, నన్ను కారులో ఎక్కించుకుని బయల్దేరాడు. బెడోక్‌లోనే ఇంకో బ్లాకు. ఆ ఫ్లాటులో ఎవరూ లేరు. యజమాని దగ్గర తాళం తెచ్చుకున్నాడు. లోపల కొత్త సిమెంటు చల్లదనం. కిటికీలోంచి ఎండ పడుతున్నా ఆ గదిలో చల్లదనం అలాగే ఉంది.

ఆయన బూట్లు విప్పాడు. నేను ఆయన పాదాలు చూడటం అదే మొదటిసారి. ముసలి పాదాలు. నేల పాడవకుండా గోడ వారనే నడుచుకుంటూ వెళ్ళి, వంటగది గట్టు కింద చూపించాడు.

“నాకు ఇప్పుడు నేలలు తప్ప ఏమీ కనపడవు తంబీ. మా ఇంట్లో కూడా కిందకే చూస్తూ నడుస్తున్నాను. నా భార్య తిడుతుంది.” గొంతులో కోపం లేదు. “ఇది ఒక్కటి చెప్పు. నీ గురువు చెయ్యి నీకు తెలీకుండా ఉండదు. అతనిదైతే ఆ కాంట్రాక్టర్ ఎవరో నాకు తెలుసు, ఈ సాయంత్రమే పోతాను. కాకపోతే బాసుకి చెప్పేస్తాను, మనిషి దేశం దాటి పోయాడు, ఇంక నావల్ల కాదని. నీ మొహం చూస్తే నాకు తెలిసిపోతుంది. అబద్ధం చెప్పకు.”

నేను మోకాళ్ళ మీద వంగాను. మేస్త్రి పని అయితే నాకు తెలిసి తీరుతుంది. తెలిస్తే నా మొహం చెప్పేస్తుంది. జోకులేసే మొహం దేన్నీ దాచుకోలేదు, దానికి ఆ చదువు లేదు.

అరచెయ్యి ఆనించాను. అంచులు చూశాను. సందు వెడల్పు మేస్త్రి వదిలేంతే ఉంది. కోనసీమోడూ అంతే వదులుతాడు, నాదగ్గర చూసి నేర్చుకున్నాడు. నేనూ అంతే వదులుతాను. సిమెంటు తుడిచిన గీత మాత్రం ఎడమనుంచి కుడికి ఉంది. మేస్త్రి అలా తుడుస్తాడా? తుడిచేవాడు. కాదు, తుడిచేది నేను. ఈ నేల వెయ్యడానికి నేనే వచ్చానేమో. ఈమధ్య వెళ్ళిన ఇళ్ళన్నీ ఒకటిగానే కనిపిస్తున్నాయి. ఆయన చెయ్యి ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోబోతే నా చెయ్యే కనిపించింది. ఆయన మొహం గుర్తు తెచ్చుకోబోతే, అక్కడ చారలు కలిసిపోయిన నేల కనిపించింది.

తల ఎత్తాను. తెల్లబూట్లాయన నా మొహంకేసే చూస్తున్నాడు, రెప్ప వేయకుండా.

“తెల్దు అంకుల్” అన్నాను. “నిజంగా తెల్దు.”

ఆయన కళ్ళు తిప్పుకుని, గోడ పట్టుకుని నెమ్మదిగా కూర్చుని బూట్లు తొడుక్కున్నాడు. లేసులు అలాగే వదిలేశాడు. నేనే వంగి కట్టాను. ఆయన కాదనలేదు.

“బాసుకి చెప్తాను. పోయాడని” అన్నాడు.

చెప్పాడు కూడా. ఆ సాయంత్రం ఎవరూ ఏ కాంట్రాక్టర్ దగ్గరికీ వెళ్ళలేదు, తర్వాత కూడా వెళ్ళలేదు. మావాళ్ళు ఆదివారం మైదానంలో ఒకళ్ళ వీపు ఒకళ్ళు చరుచుకున్నారు. మేస్త్రి దక్కాడ్రా అన్నారు. నేనూ నవ్వాను. కోనసీమోడు నా పొట్లంలోంచి ముక్క తీసుకుంటూ, “మరి ఇప్పుడు ఆయన్ని మనం ఎలా కనుక్కుంటామండీ?” అన్నాడు.

వాడికి ఏదో ఒక జోకు చెప్దామని నోరు తెరిచాను. జోకు బదులు నా కుడి అరచెయ్యి తిప్పి, అది ఎవరిదో అన్నట్టు చూసుకున్నాను.